పంకా తాడు లాగినోడికి పేటెంటు రాలేదు



మన దేశంలో పేటెంటు కోసం పడ్డ మొట్టమొదటి దరఖాస్తు దేనికోసమో తెలుసా? పంకా లాగే యంత్రం కోసం. 1856లో కంపెనీ సర్కారు ఒక చట్టం తెచ్చింది. కొత్త వస్తువు కనిపెట్టినవాడికి దానిమీద 14 ఏళ్ళు ప్రత్యేక హక్కు అన్నది. ఆ ఏడాది మార్చి 3న కలకత్తాలో ఉండే జార్జ్ ఆల్‌ఫ్రెడ్ డిపెనింగ్ అనే ఇంజనీరు దొర అర్జీ పెట్టాడు. సెప్టెంబరు 2న బొమ్మలు గీసి, అది ఎలా పనిచేస్తుందో రాసి దాఖలు చేశాడు. హక్కు ఇచ్చేశారు. ఈ దేశంలో మొదటి పేటెంటు అదే.

దొరలు భోంచేస్తుంటే, కచేరీ చేస్తుంటే, నిద్రపోతుంటే గోడ బయట కూర్చుని చేత్తోనో కాలి బొటనవేలికి కట్టుకునో తాడు లాగినవాడెవడు? వాడి పేరు ఏ రికార్డులోనూ లేదు. ఆ తాడు ఎంత బరువో, ఏ లెక్కన లాగితే గాలి బాగా వస్తుందో, ఎక్కడ ముడి తెగుతుందో వాడికి తెలిసినంతగా డిపెనింగుకి తెలిసుంటుందా? డిపెనింగు చెడ్డవాడని మేం అనడం లేదు. కాయితం మీద పెట్టడం అతనికి తెలుసు, తాడు లాగినోడికి తెలీదు. తెలియనివ్వలేదు. మన కథంతా అక్కడే ఉంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మూడేళ్ళ కిందట మేం ఒక తప్పు చేశాం. అది ఒప్పుకోవాలి.

మా నర్సీపట్నం పక్క ఊళ్ళో మాదిగపేట కుర్రాడొకడు పదో తరగతి తప్పి, టౌనులో వెల్డింగు షెడ్డులో పనికి కుదిరాడు. వాడి తల్లి ఎండాకాలం చింతపండు కూలికి పోతుంది. ఏజెన్సీ నుంచి బస్తాలు దిగుతాయి. పెంకు తీసి, పిక్క తీసి, ఈనె లాగి పండు విడిగా పోస్తే కిలోకి ఇంతని ఇస్తారు. పులుపుకి వేళ్ళు చీలిపోతాయి. ఆ వేళ్ళతో అన్నంలో ఉప్పు కలుపుకుంటే ఎలాగుంటుందో మన ఆడవాళ్ళని అడగండి. కుర్రాడు అది చూడలేకపోయాడు. పాత సైకిలు చైను, రెండు కర్ర రూళ్ళు, టైరు ముక్కలు తెచ్చి రాత్రిళ్ళు కూర్చుని ఒక మిషను చేశాడు. చెయ్యి తిప్పితే పిక్క ఒకవైపు, పండు ఒకవైపు. మొదట్లో పిక్క చితికిపోయేది. రూళ్ళ మధ్య సందు ఎంతుండాలో తేల్చడానికే వాడికి రెండు సీజన్లు పట్టింది.

మేం చూసి పొంగిపోయాం. మన పేట బిడ్డ అని బడిలో సైన్సు ప్రదర్శనకి పెట్టించాం. మేమే పేపరువాళ్ళని పిలిచాం. మిషను మూత తీయించి, లోపలి రూళ్ళు కనబడేటట్టు మరీ ఫోటో తీయించాం. నెల తిరక్కుండా షెడ్డు యజమాని అదే మిషను ఎనిమిది తయారుచేసి అమ్మేశాడు. కుర్రాడు అడిగితే, ‘నా షెడ్డు, నా ఇనుము, నా కరెంటు. నీదేటిరా ఇందులో?’ అన్నాడట. వాడు మా దగ్గరికొచ్చి, ‘మరి నాదేటి మాస్టారూ?’ అని అడిగాడు. డిగ్రీలు చదివిన మా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత కూర్చుని చదివాం. చదివిందే ఇక్కడ రాస్తున్నాం.

పేటెంటు అంటే సర్కారుతో ఒక బేరం. నువ్వు కనిపెట్టిన సంగతి దాచకుండా లోకానికంతా తెలిసేలా రాసియ్యి. దానికి బదులు 20 ఏళ్ళు నీ అనుమతి లేకుండా ఇంకెవడూ దాన్ని చెయ్యకూడదు, వాడకూడదు, అమ్మకూడదు. దరఖాస్తు వేసిన రోజు నుంచి 20 ఏళ్ళు లెక్క. ఆ తర్వాత అది అందరిదీ. మన పేటెంటు మన దేశంలోనే చెల్లుతుంది. అమెరికాలో కావాలంటే అక్కడ వేరే వేసుకోవాలి.

ఇప్పుడు నడుస్తున్నది 1970 నాటి చట్టం. 1972 ఏప్రిల్ 20 నుంచి అమల్లో ఉంది, మధ్యలో చాలాసార్లు మార్చారు. అందులో మూడు పరీక్షలున్నాయి. ఒకటి, అది కొత్తదై ఉండాలి. లోకంలో ఎక్కడా అంతకుముందు అచ్చు కాకూడదు, వాడకంలో ఉండకూడదు. రెండు, ఆ పని తెలిసినవాడికి ఎవడికైనా ఇట్టే తట్టేది కాకూడదు. మూడు, తయారీకి, వాడకానికి పనికిరావాలి. మొదటి పరీక్షలోనే మేం మా కుర్రాణ్ణి తప్పించేశాం. దరఖాస్తు వేయకముందే ప్రదర్శనలో పెట్టి, పేపర్లో వేయించి, కొత్తదనం మేమే పోగొట్టాం. సర్కారు గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలో పెడితే ఏడాది దాకా మినహాయింపు ఉంది గానీ, మన బడి ప్రదర్శన ఆ లెక్కలోకి రాదు. కాబట్టి మిత్రులారా, మన పిల్లలు ఏదైనా కొత్తది చేస్తే ముందు దండ వెయ్యకండి, దరఖాస్తు వెయ్యండి.

యజమాని మాటకి కూడా చట్టంలో జవాబుంది. దరఖాస్తు వేయాల్సింది నిజంగా మొదట కనిపెట్టినవాడు, లేకపోతే అతను రాతపూర్వకంగా హక్కు రాసిచ్చినవాడు, లేదా చనిపోతే వారసుడు. ఇనుము ఎవరిదన్నది ప్రశ్నే కాదు. బుర్ర ఎవరిదన్నదే ప్రశ్న. ఇంకొకడి కనిపెట్టుడుని కాజేసి తన పేరున వేసుకుంటే దాన్ని ఎదిరించవచ్చు, రద్దు చేయించవచ్చు. కానీ రుజువు కావాలి. అందుకే ఒక నోటుబుక్కు పెట్టుకోమని పిల్లలకి చెప్పాలి. ఏ తేదీన ఏం చేశాడు, ఏం చెడింది, ఏం మార్చాడు, బొమ్మ గీసి కింద ఇద్దరి చేత సంతకం పెట్టించాలి. యజమాని ఏదైనా కాయితం మీద సంతకం అడిగితే చదివించుకోకుండా పెట్టొద్దు. మన తాతలు వేలిముద్రలేసి పోగొట్టుకున్న భూములు చాలవా?

ఈ సందర్భంలో అమెరికాలోని నీగ్రో బానిస సోదరుడు నెడ్ సంగతి చెప్పాలి. మిసిసిపీ రాష్ట్రంలో ఆస్కార్ స్టువార్ట్ అనే భూస్వామి దగ్గర నెడ్ బానిస. పత్తి చేలో గోకి శుభ్రం చేసే పనిముట్టు కనిపెట్టాడు. 1857లో స్టువార్టు పేటెంటు తనకిమ్మన్నాడు. బానిస చేతిపనే కాదు, బుద్ధిపని కూడా యజమానిదేనన్నాడు. ఆఫీసు కాదన్నది. 1858లో ఆ దేశపు అటార్నీ జనరల్ తేల్చిందేమిటంటే, బానిస పౌరుడు కాదు, ప్రమాణం చెయ్యలేడు గనక అతనికి పేటెంటు లేదు. యజమాని కనిపెట్టలేదు గనక అతనికీ లేదు. న్యాయంగానే కనబడుతోంది కదా? కానీ స్టువార్టు పేటెంటు లేకుండానే ఆ పనిముట్టు చేయించి అమ్ముకున్నాడు. నెడ్‌కి మిగిలింది ఒట్టి పేరే, అదీ సగం పేరు. షెడ్డు యజమాని మాట విన్నప్పుడు మాకు స్టువార్టే గుర్తుకొచ్చాడు.

ఆ దేశంలోనే స్వేచ్ఛ ఉన్న నల్లవాడు థామస్ జెన్నింగ్స్ 1821లో బట్టలు శుభ్రం చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. నల్లజాతిలో మొదటి పేటెంటు అతనిదే అంటారు. వచ్చిన డబ్బుతో బానిసత్వంలో ఉన్న తన కుటుంబాన్ని విడిపించుకున్నాడు. కాయితం ఒకడి చేతికి వస్తే ఏమవుతుంది, రాకపోతే ఏమవుతుంది అన్నదానికి వీళ్ళిద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడండి.

మన తెలుగు నేలమీద కూడా ఒక మనిషి ఉన్నాడు. నల్గొండ జిల్లా, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం. దళితుడు కాదు, పద్మశాలి. ఐనా చేతుల కష్టం చేతుల కష్టమే. పోచంపల్లి రకం చీరలకి రంగు అద్దకముందు నూలుని ఆసు పొయ్యాలి. అరచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారం తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి చెయ్యి 9000 సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకి రెండు చీరలంటే 18000 సార్లు. వాళ్ళమ్మ లక్ష్మికి భుజం నొప్పితో ఇక నావల్ల కాదన్న పరిస్థితి వచ్చింది. ఆరో తరగతితో బడి మానేసిన ఆ కొడుకు 1992లో మొదలుపెట్టి, అప్పులు చేసి, ఊళ్ళో పిచ్చోడనిపించుకుని, 1999కి ఆసు యంత్రం పూర్తిచేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2011లో పేటెంటు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన మీద 2019లో సినిమా కూడా వచ్చింది. సినిమా చూసి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు చాలామందే. ఆ పేటెంటు ఎలా వచ్చిందో కనుక్కున్నవాళ్ళు ఎందరు?

ఎలా వేస్తారో చెబుతాం. మన ఆంధ్ర, తెలంగాణలకి పేటెంటు ఆఫీసు చెన్నైలో గిండీ దగ్గరుంది. వెళ్ళక్కర్లేదు, కంప్యూటరులో వేసుకోవచ్చు. ఫారం 1 దరఖాస్తు. ఫారం 2లో కనిపెట్టింది ఏమిటో, ఎలా చెయ్యాలో, ఎలా పనిచేస్తుందో బొమ్మలతో వివరణ. ఫారం 3, ఫారం 5 అని ఇంకో రెండు ప్రకటనలుంటాయి. కంపెనీ కాకుండా మనిషి సొంత పేరున వేస్తే రుసుము 1600 రూపాయలు, కాయితాల మీద వేస్తే 1750. వివరణ 30 పేజీలు, క్లెయిములు 10 దాటితే పైన ఇంకొంత పడుతుంది. క్లెయిము అంటే ఇందులో ఇంతవరకు నాది అని గట్టు వేసుకోవడం. పొలానికి సరిహద్దు రాళ్ళు పాతినట్టు. గట్టు మరీ లోపలికి వేస్తే పక్కవాడు తన్నుకుపోతాడు, మరీ బయటికి వేస్తే ఆఫీసువాడు కొట్టేస్తాడు. దరఖాస్తు మొత్తం మీద కష్టమైనది ఇదే. ఇక్కడ తెలిసినవాడి సాయం తీసుకోవాల్సిందే.

పని పూర్తిగా కాకపోయినా, ఆలోచన గట్టిపడితే చాలు, తాత్కాలిక వివరణ వేసి తేదీ పట్టుకోవచ్చు. పేదవాడికి ఇది చాలా ముఖ్యం. అందులో క్లెయిములు రాయక్కర్లేదు. ఆ రోజు నుంచి 12 నెలల్లోగా పూర్తి వివరణ వెయ్యాలి, లేకపోతే దరఖాస్తు పోతుంది. ఇద్దరు ఒకే వస్తువు చేస్తే ముందు వేసినవాడిదే తేదీ. మామూలుగా 18 నెలలకి ఆఫీసు దాన్ని అచ్చేసి బయటపెడుతుంది. పరీక్ష చెయ్యమని ఫారం 18 మళ్ళీ విడిగా వెయ్యాలి. దానికి 4000. ఇదివరకు 48 నెలల గడువుండేది, 2024 మార్చిలో మార్చిన నిబంధనలతో 31 నెలలే. వెయ్యకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, మొదటి కాయితం వేసి పేటెంటు వచ్చేసిందనుకుంటారు. తర్వాత పరీక్షాధికారి అభ్యంతరాలు పంపుతాడు. ఆరు నెలల్లో జవాబివ్వాలి. తీరా పేటెంటు వచ్చాక మూడో ఏడు నుంచి ఏటా రుసుము కట్టాలి, 800తో మొదలై చివరి సంవత్సరాల్లో 8000 దాకా పోతుంది.

ఇంత చెప్పాక ఒక మాట అడగాలి. ఈ కాయితాలన్నీ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. తెలుగులో రాస్తే తీసుకోరు. తల్లి వేళ్ళు చూసి మిషను చేసిన బుర్రకి ఇంగ్లీషు రాకపోతే అది బుర్ర కాదా? ఓట్లడగడానికి తెలుగు పనికొస్తుంది, మన తెలివిని రాసుకోవడానికి మాత్రం పనికిరాదు. పేటెంటు ఏజెంటు కావాలంటే సైన్సులోనో ఇంజనీరింగులోనో డిగ్రీ ఉండి, ఒక పరీక్ష పాసు కావాలి. మన పిల్లలు ఇంజనీరింగులు చదివి ఉద్యోగాలు లేక హైదరాబాదు హాస్టళ్ళలో గ్రూపు పరీక్షలకి ఏళ్ళు కరగబెడుతున్నారు. మండలానికొకడు ఈ పరీక్ష రాయకూడదా? మనకి లాయర్లున్నారు, డాక్టర్లున్నారు. పేటెంటు ఏజెంటుని మాత్రం మా పేటల్లో మేం ఇంతవరకు చూడలేదు.

డబ్బు లేనివాళ్ళకి దారి లేకపోలేదు. 2000లో పెట్టిన నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ గుజరాత్‌లో ఉంది. పెద్ద చదువులు లేని మనుషులు సొంతంగా చేసినవాటికి, వాళ్ళ పేరునే పేటెంటు వేయించడానికి సాయం చేస్తుంది. హైదరాబాదులో పల్లె సృజన అనే సంస్థ తెలుగు పల్లెలు తిరిగి ఇలాంటివాళ్ళని వెతుకుతోంది. వాళ్ళు మన వాడల్లోకి కూడా రావాలి. వచ్చినప్పుడు ఊరి బడిదగ్గరే ఆగిపోకుండా పేటదాకా తీసుకురావాల్సిన బాధ్యత కార్యకర్తలది.

మనలోనే కొందరు మిత్రులకి ఒక అభ్యంతరముంది. పేటెంటంటే డంకెల్ కదా, మా చిన్నప్పుడు గోడలమీద ‘డంకెల్ గో బ్యాక్’ అని రాసింది మన అన్నలే కదా, ఇప్పుడు మీరు ఆ కత్తినే చేతికిస్తున్నారేమిటని. ఆ అన్నల భయం అబద్ధం కాదు. 2005లో చట్టం మార్చాక మందుల మీద కూడా పేటెంట్లొచ్చాయి. కాలేయ క్యాన్సరు మందుని బేయర్ కంపెనీ నెలకి సుమారు 2 లక్షల 80 వేలకి అమ్మింది. ఆ చట్టంలోనే ఉన్న తప్పనిసరి లైసెన్సు అనే పిడితో, 2012 మార్చిలో మన హైదరాబాదు నాట్కో కంపెనీకి అదే మందు 8880కి అమ్మే అనుమతి వచ్చింది. కత్తి కంపెనీ చేతిలో ఉంటే గొంతు మీదికొస్తుందన్నది నిజమే. అందుకని మనం కత్తి పట్టడం నేర్చుకోకూడదా? చదువు కూడా ఒకప్పుడు వాళ్ళ ఆయుధమే. బాబాసాహెబ్ దాన్ని వదిలెయ్యమన్నాడా?

ఇంకో సంగతి. మన పాత తెలివికి పేటెంటు రాదు. లందల్లో సున్నంతో బొచ్చు తీసి, తంగేడు చెక్కతో, కరక్కాయతో పచ్చితోలుని పదును చేసిన మాదిగ తాతలది రసాయన శాస్త్రం కాక మరేమిటి? అది తరాలుగా ఉన్నది గనక కొత్తది కాదు. చట్టంలో సెక్షన్ 3(పి) అలాంటివాటిని తోసేస్తుంది. మనకి రాకపోతే పోనీ, ఇంకొకడికీ రాకూడదు కదా! పసుపు గాయం మాన్పుతుందని 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయం వైద్య కేంద్రానికి పేటెంటిచ్చేశారు. మన సీఎస్ఐఆర్ పాత పుస్తకాలు తీసి చూపించి పోరాడితే 1997లో కొట్టేశారు. పసుపుకి పుస్తకాలున్నాయి. తంగేడు చెక్కకి ఏ పుస్తకముంది? రాయగలిగినవాడు తోలు ముట్టలేదు, తోలు ముట్టినవాణ్ణి రాయనివ్వలేదు. అయితే మన చట్టంలో ఒక మంచి వాక్యముంది. ఎవడైనా పేటెంటు అడిగినప్పుడు, అది ఫలానా స్థానిక సమాజంలో నోటిమాటగానైనా ముందే ఉన్న విద్య అని చెప్పి, పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అడ్డు చెప్పవచ్చు. నోటిమాటకి కూడా విలువిచ్చిన వాక్యమది. మా తాత నోరు కూడా సాక్ష్యమే. ఐతే ఆ తాత పోకముందు, చెబుతుంటే రాసుకునేవాడుండాలి.

పేటెంటు రానిచోట వేరే హక్కులున్నాయి. మన పక్కనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రమీద లక్క రంగులతో చేసే ఆ బొమ్మల పేరు ఇంకో ఊరివాడు పెట్టుకోకూడదు. మహారాష్ట్ర, కర్ణాటకల్లో మన చర్మకార సోదరులు కుట్టే కొల్హాపురి చెప్పులకీ 2019లో అదే గుర్తింపు వచ్చింది. అయినా 2025 జూన్‌లో ప్రాడా అనే ఇటలీ కంపెనీ అలాంటి చెప్పులే మిలాన్‌లో ఊరేగించింది. అవి ఎవరివో చెప్పనే లేదు. గొడవ అయ్యాక భారతీయ చేతిపని నుంచే తీసుకున్నామని ఒప్పుకుంది. మన చెయ్యి కుట్టిన చెప్పు గుడి గడప దాటకూడదు, దొరసాని కాలికెక్కి మిలాన్ తివాచీ తొక్కొచ్చు! విత్తనాలకి పేటెంటు లేదు గానీ, రైతులు తరాలుగా కాపాడిన రకాలని 2001 చట్టం కింద తమ పేరున నమోదు చేసుకోవచ్చు. దాని సంగతి విడిగా రాయాలి.

చివరికి మా కుర్రాడి సంగతి. వాడు ఆ షెడ్డు మానేశాడు. వాళ్ళమ్మ మిషనుకి ఒక లోపం చెప్పింది. ‘బాబూ, ఎండిన పండుకి బాగానే ఉంది గానీ, తడి తగిలిన పండు రూళ్ళకి అంటుకుపోతంది,’ అన్నది. ఆ మాట పట్టుకుని వాడు రూళ్ళు రెండూ తీసేసి, పూర్తిగా వేరే పద్ధతిలో ఇంకోటి మొదలెట్టాడు. ఏ పద్ధతో మేం ఇక్కడ రాయం. నోటుబుక్కులో 40 పేజీలు దాటాయి, ప్రతి పేజీ కింద వాళ్ళమ్మ వేలిముద్ర, మా సంతకం ఉన్నాయి. తాత్కాలిక వివరణ ఇంగ్లీషులో మేమే రాస్తున్నాం. మొన్న ఆదివారం వాళ్ళింటికెళితే మిషను మీద గోనెపట్టా కప్పి, పైన మంచం వేసి ఉంది. పక్కింటి పిల్లలు అదేటని అడిగితే వాళ్ళమ్మ, ‘బియ్యం డబ్బా’ అంటోంది.